దొరసాని ఎత్తి రాసుకున్న పేజీ

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. వీధి గదిలో ఎడ్నా దొరసాని, ఆమె ఎదుట కుర్చీలో హెడ్డు కానిస్టేబులు అప్పలసూరి, కిటికీకి ఆనుకుని మా నాన్న నరసింగరావు. నడవలో చింతపండు పిక్కలు తీస్తూ నాన్నమ్మ లక్ష్మీనరసమ్మ. ఆమె వెనక నేను. పిన్ని పురిటికని అమ్మ భోగాపురం వెళ్లింది. అమ్మ ఉంటే నాకు అంత భయం వేసేది కాదేమో.

దొరసానిది కెనడా. ఇరవై నాలుగేళ్లు. తెలుగు నేర్చుకోమని మిషన్ వాళ్లు మా ఊరికి పంపారు. నాన్న చిన్నప్పుడు మిషన్ బడిలో చదువుకున్నాడు. ఆ మొహమాటంతో వీధి గది ఇచ్చాడు. తెల్లవారకముందే ఆమె మంచం పక్కన మోకరించేది. నీళ్లు రెండుసార్లు కాచి వడకట్టి తాగేది. పొద్దెక్కాక బైబిలు చెప్పే సీతమ్మతో ఊరి బయటి పేటకి వెళ్లి, పిల్లల పుళ్లకి మందు రాసి, కథలు చెప్పి, ముఖం ఎర్రగా కాలి తిరిగొచ్చేది. ఆమె నడవలో అడుగు పెట్టిన ప్రతిసారీ నాన్నమ్మ పసుపునీళ్లు జల్లేది. దొరసాని అది మర్యాదనుకుని చేతులు జోడించేది.

సాయంత్రం నా దగ్గర పాఠం. పుస్తకాల తెలుగు మాట్లాడితే పేటలో ఆడవాళ్లు నవ్వుతున్నారు, ఇంట్లో మాటలు కావాలంది. నాకా నోరు పెగలదు. అందుకని, ఎవరికీ చూపించని నా డైరీ ఇచ్చాను. ఆమెకి సగం అర్థం కాదన్న ధైర్యం. రోజుకో పేజీ తన నోటుబుక్కులో ఎత్తి రాసుకుని, పైకి చదివి, నేను తల ఊపితే సంతోషించేది.

అప్పలసూరి వచ్చింది ఆమె పర్మిట్ విచారణకి. ఇతను రాసే కాగితం చూసే, ఆమె ఇక్కడ ఉండొచ్చో లేదో శ్రీకాకుళంలో పైవాళ్లు చెబుతారు. పాస్‌పోర్టు చూశాడు, పెట్టె చూశాడు. చివరికి బల్ల మీది నోటుబుక్కు తీసి, పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు.

“ఇదేటిది?” అని గట్టిగా చదివాడు. “‘నాన్నకి చెప్పకుండా గరివిడి వెళ్లి రైలెక్కాలి. రెండు జతల బట్టలు చాలు. విశాఖపట్నంలో నర్సు చదువులో చేరాక ఉత్తరం రాస్తాను. అంతవరకు ఎవరికీ తెలియకూడదు.’”

అవి పోయిన బుధవారం నేను రాసుకున్న మాటలు. ఇక బడి చాలు, సంబంధాలు చూస్తానని నాన్న అన్న రోజు.

“సూసినావా, నర్సింగరావుబావూ?” అన్నాడు అప్పలసూరి. “ఎవుల పిల్లకో రైలెక్కమని పాఠం రాసిచ్చీసినాది. మతంలో కలుపుకోడానికి కాకపోతే మరెందుకు? ఈ ముక్క పైకి రాసీసినానంటే పెర్మిట్టు నేదు, ఏటీ నేదు. పది రోజుల్లో ఓడెక్కీయాల.”

“అందుకే సెప్పినాన్రా, దొరసాన్ని ఇంట్లో ఎట్టొద్దని!” నాన్నమ్మ పిక్క విసిరికొట్టింది. “నీకు దొరలంటే మోజు. రేపు మన గుంట కూడా గౌనేసుకుంటాది, సూడు.”

నాన్న దొరసాని వైపు తిరిగాడు. “దొరసానమ్మా, ఎవులివి ఈ మాటలు?”

దొరసాని తెరిచి ఉన్న తలుపులోంచి నా వైపు చూసింది. ఆమెకి సగం కాదు, ఎత్తి రాసుకున్న రోజే మొత్తం అర్థమైందని అప్పుడు తెలిసింది నాకు.

“చేతిరాత నాది,” అంది.

“మాటలెవులివని అడిగినాను.”

“చేతిరాత నాది అండి.”

అబద్ధం పాపమని పేట పిల్లలకి చెప్పే మనిషి. చెప్పగలిగిన ఆ ఒక్క నిజాన్నే మళ్లీ చెప్పింది.

అప్పలసూరి పెన్ను తీశాడు.

అవి నావేనని నేను ఒక్క మాట అంటే చాలు. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. నిరుడు మా పెదనాన్న కూతురు ఇలాగే వెళ్లిపోబోతే పట్టుకొచ్చి నెల రోజులు పశువుల సాలలో ఉంచారు. తాళం వేసింది నాన్నే. అన్నం పట్టుకెళ్లింది నేను. మొదటి వారం ఏడ్చింది. తరవాత ఏడవడం కూడా మానేసింది.

లోపలికి వెళ్లాను. బియ్యం కుండ వెనక దాచిన డైరీ తీసి, బుధవారం పేజీలో వేలు పెట్టి, ఓణీ కింద పట్టుకుని నడవలోకి వచ్చాను.

“ఎక్కడికే, మగోల్ల మధ్యకి?” అంది నాన్నమ్మ.

చింతపండు చేట దాటి గుమ్మం ముందు నిలబడ్డాను.

“నాన్నా,” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అప్పలసూరి పెన్ను కాగితం మీద నడుస్తోంది. “నాన్నా!”

ఈసారి నాన్న తల తిప్పబోయాడు.

దొరసాని చటుక్కున లేచింది. కుర్చీ వెనక్కి పడింది, నాన్న అటు చూశాడు. రెండడుగుల్లో ఆమె నా ఎదుటికి వచ్చింది. ఓణీ కింద నా చెయ్యి చూసింది. నాకెంత భయమో ఆమె కళ్లలోనూ అంతే భయం.

“ఈ దినము పాఠము లేదు,” అని, నా ముఖం మీదే తలుపు మూసి, అవతల గడియ పెట్టింది.