చుక్క కింద పేరు

నాకు కోపం ఎక్కువ. బడిలో పిల్లలకూ తెలుసు, ఇంట్లో వాళ్లకూ తెలుసు. వనజాక్షి మేడం గొంతు లేచిందంటే కళ్యాణదుర్గం బస్సు కూడా ఆగిపోతుందని నా వెనక వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. కానీ ఆ కోపంతోనే ఒక పిల్ల చదువుకు ముప్పు తెచ్చాను. ఆ సంగతి చెప్పుకోవాలి.

మాది రాయదుర్గం దారిలో ఉన్న సర్కారు హైస్కూలు. నేను హెడ్మిస్ట్రెస్‌ని. డిసెంబరు మొదటి వారంలో పదో తరగతి పిల్ల ఒకటి పెద్ద చుక్క పట్టుకుని నా గదికి వచ్చింది. కందికట్టెలతో కట్టి, చుట్టూ నీలం జీన్సు పీలికలు కుట్టింది. వాళ్ల నాయన యేసన్న రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు.

"క్రిస్మస్ దాకా వరండాలో కట్టుకుంటా మేడం" అంది.

ఆ పిల్లకు రెండు పేర్లు. రిజిస్టరులో కదిరమ్మ, అది వాళ్ల అవ్వ పేరు. ఇంట్లో, చర్చిలో కృపాకుమారి. మా వైపు ఇలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు. పిలిచే పేరు ఒకటి, రాసే పేరు ఒకటి. ఎందుకని ఎవరూ అడగరు.

"కట్టుకో పో" అన్నాను.

మర్నాడే నరేంద్ర వచ్చాడు. బడి కమిటీ ఛైర్మన్, ఊళ్లో పెద్ద రైతు, ఒకప్పుడు నా దగ్గరే చదువుకున్నవాడు.

"ఏంది మేడం ఇది? సర్కారు బడిలో వాళ్ల చుక్క ఎందుకు?"

"వినాయక చవితికి ఇదే వరండాలో మామిడాకులు కట్టి, సీరియల్ లైట్లు వేసింది నువ్వే గదప్పా. అప్పుడు ఇది సర్కారు బడి కాదా?"

"అది అందరి పండగ మేడం."

"మరి ఇదెవరిది? మన పిల్లది కాదా?"

అతను నవ్వి గేటు వైపు నడిచాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది. అతను గేటు దాటకముందే అట్టముక్క తెచ్చి, స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాశాను. "చేసినది కృపాకుమారి, పదో తరగతి, మన బడి క్రైస్తవ విద్యార్థిని." దాన్ని చుక్క కింద వేలాడదీశాను. పిల్ల పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పేరొద్దు మేడం."

"ఛీ, పేరు చెప్పుకునేదానికి సిగ్గేందే? తలెత్తుకుని నిలబడు!"

ఆ పిల్లను చుక్క కింద నిలబెట్టి ఫోటో తీసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎంత మంచి పని చేశానో అని ఆ రోజంతా మురిసిపోయాను.

పది రోజులు తిరక్కుండానే పిల్ల తల్లి మారెమ్మ కూలి మానుకుని బడికి వచ్చింది. చేతిలో తహసీల్దారు ఆఫీసు నోటీసు. మీ అమ్మాయి క్రైస్తవురాలని ఫిర్యాదు వచ్చింది, ఫోటో కూడా జతచేశారు, హిందూ ఎస్సీ అని ఇచ్చిన సర్టిఫికెట్ మీద విచారణ చేస్తాం అని ఉంది అందులో. మతం మారినట్టు తేలితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. ఈ రూలు నాకు తెలియదా? ముప్పై ఏళ్లుగా ఆ ఫారాలు నింపుతున్నదాన్ని! రెండు పేర్లు ఎందుకో ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. కోపంలో గుర్తు రాలేదు, అంతే.

"సర్టిఫికెట్ పోతే గురుకుల కాలేజీలో సీటు రాదంట మేడం" అంది మారెమ్మ. "సీటు రాకుంటే నా మాదిరే చేన్లో శెనక్కాయలు పెరుక్కుంటా ఉండాల్సిందే."

"ఆ నరేంద్రను నేను ఊరికే వదలను."

"ఆయప్పనేమీ అనొద్దు. మీరూ మీరూ కొట్లాడుకునేదానికి నా బిడ్డ పేరే దొరికిందా మేడం?"

ఆమె అరవలేదు. అరిచి, నాలుగు తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది. వరండాలోకి వెళ్లి చుక్కను తనే విప్పింది. ఇంట్లో ఉంటే అక్కడా సాక్ష్యమే అవుతుందని పొయ్యిలో పెట్టేసిందట.

వద్దన్నా వినకుండా నరేంద్రకు ఫోన్ చేశాను.

"నేనొక్క అక్షరం కలపలేదు మేడం" అన్నాడు. "మీరు రాసిందే పంపినా."

ఫోన్ పెట్టేశాను.

డిసెంబరు ఇరవై నాలుగున రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఎర్రిస్వామి విచారణకు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. పిల్లను నా గదిలోకి పిలిపించి, నెమ్మదిగానే అడిగాడు.

"నీ పేరేందమ్మా?"

"కదిరమ్మ సార్."

"కృపాకుమారి ఎవరు?"

"తెలీదు సార్."

"రేపేం పండగ?"

పిల్ల గోడమీది క్యాలెండరు వైపు చూసింది. ఇరవై ఐదు ఎర్రగా ఉంది.

"మాకేం పండగ లేదు సార్."

ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరొక మాట రాసిచ్చేయండి మేడం, నేను ముగించేస్తా" అన్నాడు.

రాశాను. చుక్క నేనే కట్టించాననీ, పేరు పొరపాటున నేనే రాశాననీ, కృపాకుమారి అనే విద్యార్థిని మా పాఠశాలలో లేదనీ రాశాను. సంతకం చేసి, బడి ముద్ర వేశాను. ఆయన ఒక ప్రతి తీసుకుని, రెండోది నా బల్లమీద వదిలి వెళ్లాడు.

పిల్ల కదలలేదు.

"చూడొచ్చా మేడం?"

ఇచ్చాను. పాఠం చదివినట్టు ఒక్కో పదం మీద వేలు పెట్టుకుంటూ చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివింది.

"తప్పుల్లేవు మేడం" అని కాగితం నా ముందు పెట్టింది.

ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. లెక్కల క్లాసు ఉందని చెప్పి వెళ్లిపోయింది. నేను తలుపు వేసుకుని, ఇంటి బెల్లు కొట్టేదాకా ఏడ్చాను.