టైటిల్లో మా పేరు

"శేషారత్నం నోటికి దిల్‌సుఖ్‌నగర్ సందంతా దడుస్తుంది" అని మా ఆయన గంగాధరరావు గారు నా గురించి అందరికీ చెబుతుంటారు. దడవకపోతే వ్యాపారం సాగుతుందా? ఆయన నా పేరు మీదే "రత్నం మార్కు పచ్చళ్ళు" అని రిజిస్టరు చేయించారు. ఆ రోజు నుంచీ ఆ పేరు మరెవరు వాడినా వెళ్ళి కడిగేసి వచ్చేదాన్ని. ఎల్బీనగర్‌లో ఒకడు సీసాల మీద వేసుకుంటే వాడి కొట్టు ముందే నిలబడి ఆ లేబుళ్ళు చింపించాను.

అలాంటిదాన్ని, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక మా కొట్టు బోర్డుకు నా చేత్తోనే పాత దుప్పటి కప్పాను. మేం బెజవాడ నుంచి వచ్చినవాళ్ళమని సందంతా తెలుసు. పేరు చూసి ఎవరైనా రాయి విసిరితే? ఏడాదికి సరిపడా ఆవకాయ లోపల జాడీల్లో ఉంది. అవి పగిలితే మేం రోడ్డున పడ్డట్టే. బంద్ రోజుల్లో షట్టరు దించేసి, వెనక తలుపులోంచి హాస్టలు పిల్లలకు మాత్రం గుట్టుగా ఇచ్చేదాన్ని. మెస్సులు మూసేస్తే పాపం వాళ్ళేం తింటారు?

ఓ బంద్ రోజు మధ్యాహ్నం, నేను హాస్టలు పిల్లలకని పచ్చడి సీసా తీస్తుంటే, పై వాటాలో అద్దెకుండే మౌనిక ఫోను పట్టుకుని నవ్వుతూ దిగి వచ్చింది. నల్గొండ పిల్ల, ఏదో వెబ్‌సైటుకు వ్యాసాలు రాస్తుంది.

"ఆంటీ, మీ పచ్చళ్ళ మీద రాసిన! పొద్దటిసంది మస్తుమంది చూస్తున్నరు."

ఫోనులో పైన పెద్ద అక్షరాలు: "బంద్ నాడూ దొరికే రత్నం మార్కు పచ్చళ్ళు: వెనక తలుపు తట్టండి!"

ఇంకోసారి చదివి, ఫోను ఆ పిల్ల చేతిలోకే తోశాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందే! నన్నడక్కుండా మా పేరు ఎలా పెట్టావే?"

"టైటిల్ల పేరు లేకుంటె ఎవ్వరు చూడరాంటీ. జనాలు పేరు కొట్టే ఎతుకుతరు. మీకు గిరాకి ఒస్తదని..."

"గిరాకీ కాదే, కొరివి తెచ్చావు! బోర్డుకైతే దుప్పటి కప్పాను, దీనికేం కప్పను?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "జర ఆగుండ్రి, మారుస్త" అంటూ గబగబా ఏదో నొక్కింది. కాసేపటికి తలెత్తి, "మార్చిన ఆంటీ. గానీ ఎతికితే ఇంక పాత టైటిలే ఒస్తున్నది" అంది, ఏడుపు గొంతుతో.

అప్పుడే వెనక తలుపు దడదడలాడింది. హాస్టలు పిల్లలు వేళ్ళతో తడతారు. ఇది అరచేతి దెబ్బ. లోపలి గదిలో ఆయన పడుకున్నారు. లేచి వస్తే, అవును మాదేనని ఛాతీ విరుచుకుని చెప్పే మనిషి. దేవుడా, ఆయన్ని లేపకు తండ్రీ అని మొక్కుకుంటూ తలుపు తీశాను.

మెడలో కండువాలతో గుంపు. ముందున్నతను ఫోను చూపించాడు.

"రత్నం మార్కు గిదేనా అమ్మా? బంద్ నాడు అమ్ముతున్నరని నెట్ల రాసిండ్రు. మేము జీతాలిడిచిపెట్టి సమ్మెల ఉంటే, మీకు యాపారమా?"

మౌనిక నా ముందుకు వచ్చింది. "అన్నా, గది రాసింది నేనే. తప్పు రాసిన."

"నిన్ను గాదు చెల్లె. అమ్మను అడుగుతున్న."

హాస్టలు పిల్లలకని తీసిన పచ్చడి సీసా ఇంకా నా చేతిలోనే ఉంది. దాని మీద పేరు. బొటనవేలు జరిపి ఆ పేరును మూసేశాను.

"కాదు నాయనా," అన్నాను. "ఆ రత్నం మార్కు వాళ్ళు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

ఆ గొంతు నాదేనా అనిపించింది. అతను నా వెనకున్న జాడీల వరసను చూశాడు. నా మొహం చూశాడు. సీసా మీది నా బొటనవేలు కూడా చూసే ఉంటాడు.

"సరే అమ్మా. ఒకేళ వాళ్ళు ఒస్తే చెప్పుండ్రి, బంద్ నాడు అమ్మొద్దని."

వాళ్ళు వెళ్ళిపోయారు. మౌనిక నా భుజం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గడియ పెట్టి వెనక్కి తిరిగితే, లోపలి గది గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచారో తెలియదు.

"ఎవరు వెళ్ళిపోయారు, రత్నం?" అని అడిగారు.

సందంతా దడిసే నోరున్నదాన్ని, సీసా వెనక్కి దాచుకున్నాను. వేలు ఇంకా ఆ పేరు మీదే ఉంది.