ఏడో నంబరు గాజుపలక

పొద్దున్నే ఇశ్రాయేలు ఎదురైతే నరసరావుపేటలో జనం చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. పాపం, ఆయన తప్పేమీ లేదు. మిషను ఆస్పత్రిలో నెత్తురు గది ఆయనది. జ్వరమని వచ్చిన ప్రతివాళ్ళ వేలూ సూదితో పొడవాలి, బొట్టు నెత్తురు గాజుపలక మీద పూయాలి, రంగు మందు పోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఊళ్ళో ఆయన పొడవని వేలు లేదని చెప్పుకునేవాళ్ళు. అది కొంచెం ఎక్కువే గానీ మరీ అబద్ధం కాదు.

పందొమ్మిది వందల నలభై మూడు వేసవిలో ఆ రంగు మందు అయిపోయింది. యుద్ధం రోజులు. మద్రాసు నుంచి రావాల్సిన పార్సెలు ఎక్కడ ఆగిందో స్టేషను మాస్టరుకే తెలియదు. రంగు వెయ్యని నెత్తురులో చలిజ్వరం పురుగు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. క్వినైను కూడా సిపాయిలకే పోతోంది. అందుకని పలక మీద పురుగు కనిపించినవాళ్ళకే క్వినైను ఇవ్వాలని ఆస్పత్రిలో గట్టిగా అనుకున్నారు. ఇశ్రాయేలు ఖాళీ సీసాను కిటికీ వెలుతురుకు పెట్టి చూసుకుంటూ కూర్చునేవాడు.

అప్పుడు నకరికల్లు నుంచి జక్కయ్య తన భార్య కృపమ్మను ఎడ్లబండిలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు. ఆమెకు ఆరో నెల. పదిరోజులుగా వేళాపాళా లేని జ్వరం. అంతకుముందు రెండుసార్లు ఇలాంటి జ్వరంలోనే కడుపు పోయింది.

డాక్టరమ్మ హైమావతి ఆమె ఎడమ డొక్కలో చెయ్యి పెట్టి చూసింది.

"ప్లీహం వాచి బల్ల పెరిగింది. చలిజ్వరానికైనా పెరుగుతుంది, టైఫాయిడుకైనా పెరుగుతుంది."

"ఏదో ఒక మందు ఇయ్యండమ్మా," అన్నాడు జక్కయ్య.

"టైఫాయిడు అయితే క్వినైను పనిచెయ్యదు. పైగా దాని వేడికి కడుపులో బిడ్డ పోవచ్చు. చలిజ్వరమే అయ్యుండి ఇవ్వకపోతే ఇద్దరూ పోవచ్చు. ఏ జ్వరమో తెలియకుండా నేను ఇవ్వలేను జక్కయ్యా."

జక్కయ్యకు సగమే అర్థమైంది. ఆ సగానికే గోడకు జారగిలబడ్డాడు. అది చూసి ఇశ్రాయేలు కృపమ్మ వేలు పొడిచి, నెత్తురు పలక మీద పూసి ఆరబెట్టి, గొడుగు తీసుకుని బయల్దేరాడు.

మసీదు వెనక సందులో కుల్సుం బట్టలకు నీలిరంగు వేస్తుంది. ఆమె వేసిన రంగు, ఆ బట్ట కట్టుకున్న మనిషికి జబ్బున్న చోట ముదురుతుంది. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మల చీరలకు మోకాళ్ళ దగ్గర రెండు నల్లటి మచ్చలు తేలేవి. కడుపునొప్పని బడి ఎగ్గొట్టిన పిల్లల చొక్కాలు చూసి తల్లులు చెవులు మెలేసేవాళ్ళు. పెళ్ళిచూపులకు మాత్రం ఎవరూ ఆమె రంగు వేసిన బట్ట కట్టుకునేవాళ్ళు కాదు. రంగు బాగా నిలుస్తుందని, ధర న్యాయంగా ఉంటుందని ఆమెకు మంచి పేరు.

"చెల్లెమ్మా, కాస్త రంగు కావాల," అన్నాడు ఇశ్రాయేలు.

"చీరకా అన్నా, పంచెకా?"

"గోరంత గాజుముక్కకి."

కుల్సుం తొట్టిలోంచి చేతులు బయటికి తీసింది. మోచేతుల దాకా నీలం. "అంత చిన్న బట్ట ఎవురికన్నా?"

"కంటికి కనపడనోడికి. ఆడు ఉన్నాడో లేడో తేల్చాల."

కృపమ్మ సంగతి చెప్పాడు. కుల్సుం ఇంకేమీ అడగలేదు. తొట్టి అడుగు నుంచి చిక్కటి రంగు ముంచి, నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, ఖాళీ అత్తరు బుడ్డిలో పోసిచ్చింది.

"నా రంగు గుడ్డని పట్టుద్ది. గాజుని పట్టుద్దో లేదో అల్లాకే తెలవాల," అంది.

తిరిగొచ్చి ఇశ్రాయేలు కృపమ్మ పలక చేతిలోకి తీసుకోబోతే డాక్టరమ్మ ఆపింది.

"చలిజ్వరమని ముందే తేలినవాళ్ళ పలకలు, రంగు వెయ్యకుండా దాచిన రెండోవి, మీ పెట్టెలో ఉన్నాయిగా? ఓ పది తియ్యండి. దుక్కలా ఉన్నవాళ్ళవి ఇంకో పది కావాలి. మంచి నెత్తురులో కూడా పురుగు చూపిస్తే ఈ రంగు మనకెందుకు?"

"అమ్మా, అక్కడ ఆ పిల్ల కాలిపోతా ఉంది."

"అందుకే అంటున్నాను ఇశ్రాయేలు గారూ."

వంటమనిషి, తోటమాలి, బండివాడు, చివరికి ఇశ్రాయేలు కూడా, మొత్తం పదిమంది వేలు చాపారు. పేర్లు కనపడకుండా డాక్టరమ్మ నంబర్లు వేసింది. పాత పలకలు పదింటిలోనూ పురుగులు ముదురు నీలం ఉంగరాల్లా తేలాయి. జబ్బు లేనివాళ్ళ పలకలు తొమ్మిది తేటగా ఉన్నాయి. ఏడో నంబరులో మాత్రం రెండు ఉంగరాలు.

"ఏడు ఎవరు?" అన్నాడు ఇశ్రాయేలు.

"మీరే."

"నాకేందమ్మా? పొద్దున మూడు జొన్నరొట్టెలు తిన్నా!"

డాక్టరమ్మ పుస్తకం మూసేసింది. "పదిలో ఒకటి తప్పు చెప్పింది. ఇలాంటి రంగును నమ్మి కడుపుతో ఉన్న మనిషికి మందివ్వలేను."

ఇశ్రాయేలు పలకలు పెట్టెలో సర్దేశాడు. వెళ్ళి కృపమ్మ నుదుటి మీద తడిగుడ్డ మార్చాడు.

"దొరికిందా బాబాయ్?" అని అడిగింది కృపమ్మ.

"లేదమ్మా."

"ఇది ఇంకా కదుల్తానే ఉంది," అంటూ ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఇశ్రాయేలుకు దుఃఖం ఆగలేదు. మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, పిట్టలు కూడా నీడకు చేరిన ఎండలో, మైక్రోస్కోపు అద్దం తుడుస్తుంటే ఆయన దవడ వణికింది. మొదటిసారి భ్రమ అనుకున్నాడు. రెండోసారి పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఆయన దుప్పటి కప్పుకుని, పరీక్ష పాసైన కుర్రాడిలా ఆవరణకు అడ్డంపడి పరిగెత్తాడు.

"అమ్మా! నాకు చలొస్తా ఉంది! చూడండి, వణుకు!"

డాక్టరమ్మ ఆయన మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. పరుగున వెళ్ళి ఏడో నంబరు పలక మళ్ళీ అద్దం కింద పెట్టింది. తలెత్తేసరికి నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు.

"తప్పు రంగుది కాదండీ. మిమ్మల్ని జబ్బు లేనివాళ్ళ వరసలో రాసిన నాది."

కృపమ్మ పలక మీద రంగు చుక్క వెయ్యబోతే ఆయన చెయ్యి నిలవలేదు. డాక్టరమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. కాసేపటికి ఉంగరాలు తేలాయి, ఒకటి కాదు రెండు కాదు, పొలంలో జల్లినట్టు. చలిజ్వరమే.

సీసాలో క్వినైను ఒక్కరికే సరిపోతుంది. డాక్టరమ్మ ఇశ్రాయేలు వైపు చూసింది.

"నా కడుపులో బిడ్డేమన్నా ఉందా అమ్మా? నేలవేము కషాయం తాగుతా," అన్నాడాయన.

ఒక్కో మాత్రకూ ముందు, తర్వాత డాక్టరమ్మ కృపమ్మ కడుపు తడిమి చూసేది. నాలుగో రోజుకు జ్వరం వదిలింది. బిడ్డ కదులుతూనే ఉంది. ఇశ్రాయేలు వంతు క్వినైను తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా ఆయన రోజు విడిచి రోజు ఠంచనుగా వణికాడు. వణకని రోజుల్లో కుల్సుం రంగుతో ఊరివాళ్ళ పలకలు చూశాడు.

శ్రావణంలో కృపమ్మకు ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులు దాటాక ఒక ఆదివారం బండి ముందుగా మసీదు వెనక సందులో ఆగింది. కుల్సుం చేతులు కడుక్కుని వచ్చి పిల్లనెత్తుకుంది. చెవిలో దువా చదివి, బుగ్గ పుణికి ఇచ్చింది. కృపమ్మ ఆమె నీలం చేతులు రెండూ కళ్ళకద్దుకుంది.

అక్కణ్ణుంచి బండి మిషను గుడికి వెళ్ళింది. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ. ఇశ్రాయేలు లేచి నిలబడ్డాడు. స్వస్థత కలిగినందుకు స్తోత్రం చెప్పబోతున్నాడని అందరూ అనుకున్నారు.

"ప్రభువా, నాకు జ్వరం తెప్పించినందుకు నీకు స్తోత్రం. అదీ వేళకి తెప్పించినందుకు."

గుడంతా గొల్లున నవ్వింది. పాస్టరు గారికి ఆమెన్ అనాలో వద్దో తోచలేదు.

ఇశ్రాయేలు కూర్చున్నాక ఆడవాళ్ళ వైపు నుంచి కృపమ్మ లేచింది. నడవ దాటి మగవాళ్ళ వైపు వచ్చి, పిల్లను ఇశ్రాయేలు ఒళ్ళో పడుకోబెట్టి, తిరిగి వెళ్ళి తన చోట కూర్చుంది. నవ్వులు ఆగిపోయాయి. పాస్టరు గారు బైబిలు తెరిచారు. ఆ రోజు ప్రసంగం చాలా పొడుగు. అది అయ్యేదాకా పిల్ల ఆయన ఒళ్ళోనే నిద్రపోయింది, ఆయన కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.