ఎంగిలి మాటలు

ఆ మేడ మీద చప్పట్లు నిషేధం. కింద ఒకప్పుడు బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం ఉండేది. అది మూతపడ్డాక పై గదిని సాహిత్యం వాళ్ళు పట్టుకున్నారు. బట్టలు తగిలించే ఇనుప కడ్డీలు గోడ పొడుగునా అలాగే ఉన్నాయి, ఇప్పుడు వాటికి హ్యాంగర్లతో కవితలు వేలాడుతుంటాయి. చదివింది నచ్చితే అరచెయ్యి మోకాలి మీద పెట్టుకుని ఊరుకోవాలి, అంతే. ఒక ఆదివారం ఒకాయన కథను చివరి వాక్యం నుంచి మొదటి వాక్యం దాకా చదివాడు. ఇంకో ఆదివారం ఐదుగురు నిలబడి ఐదు వేర్వేరు పేజీలు ఒకేసారి చదివారు, ఎవరి గోల వారిదే. పెళ్ళయిన కొత్తలో అది విన్న కోడలు, 'మా పుట్టింట్లో రోజూ పొద్దున జరిగేది ఇదే కదా' అనుకుంది. పైకి మాత్రం అనలేదు.

ఈ వ్యవహారానికంతటికీ మూలపురుషుడు ఆమె మామగారే. మౌనం కూడా రచనే, చదివేవాళ్ళు ఆగితే ఎవరూ మాట అందించకూడదు అని నియమం పెట్టింది ఆయనే. సామెతల్ని గడప తొక్కనివ్వనిదీ ఆయనే. "నలుగురి నోళ్ళలో నలిగిన ఎంగిలి మాటలు" అని వాటికి పేరు పెట్టాడు. నోరు జారి ఎవరైనా సామెత వాడితే ఆ సాయంత్రమంతా బయట మెట్ల మీద కూర్చోవాలి. అన్నీ చదివి ఉన్నమతి పోగొట్టుకున్న జనం, వాళ్ళకు ఇదో గొప్ప ముచ్చట.

కోడలు మొదటిసారి వచ్చినప్పుడే మెట్ల పాలైంది. ఒక కవి చదవడం మధ్యలో మైకు మీద విసుక్కున్నాడు. ఎలా ఉందమ్మా అని ఎవరో అడిగితే ఈవిడ మొహమాటం లేకుండా, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందండీ" అనేసింది. సభలు నడిపే ఆవిడ తలుపు వైపు చెయ్యి చూపించింది. ఆవిడను అందరూ కామా అంటారు, ఏ వాక్యాన్నీ ముగించని రచయిత్రి కాబట్టి. కోడలు నవ్వుకుంటూ వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి మామగారు కూడా వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వన్నది నిజమేనమ్మా. కానీ ఆ మాట నీది కాదు కదా."

"మా అమ్మ మాట మామయ్యా. అమ్మది నాది కాకుండా ఎలా పోతుంది?"

ఆ రోజు నుంచి మామాకోడళ్ళకు ఒకటే వాదం, ఒకటే నవ్వులు. ఆమె పని కళ్ళజోళ్ళ దుకాణంలో, ఫ్రేములకు అద్దాలు బిగించడం. భర్త రైళ్ళు నడుపుతాడు, ఇంట్లో కన్నా పట్టాల మీదే ఎక్కువ. అందుకని సాయంత్రాలు ఆమెకు కబుర్లకు మామగారే దిక్కు, ఆయనకు ఆమే దిక్కు.

అలాంటి మనిషికి పోయిన చలికాలం తలలో నరం చిట్లి మాట పడిపోయింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి, బుద్ధి నిక్షేపంగా ఉంది. మాట మాత్రం రాలేదు. గ్లాసు కావాలంటే గ్లాసు వైపు చూడటమే. నోరు తెరుస్తాడు, గుటకలు మింగుతాడు, బొటనవేలితో చొక్కా గుండీని గుండ్రంగా రుద్దుతూ ఉండిపోతాడు. అది చూడలేక కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మాటలు నేర్పడానికి ఒక అమ్మాయి ఇంటికి వచ్చేది. బొమ్మల అట్టలు చూపించి పేర్లు చెప్పమనేది. ఒకరోజు వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి కోడలితో, "కొత్త వాక్యం కట్టడం కష్టమండీ. కానీ చిన్నప్పటి నుంచీ నోట నానిన మాటలు పోవు. సగం మీరు అందించండి, మిగతా సగం వాటంతటవే వస్తాయి" అంది.

మర్నాడు పొద్దున టీ ఇస్తూ కోడలు మామూలుగా అన్నట్టే అంది. "ఇంట గెలిచి..."

"రచ్చ గెలవాలి," అన్నాడు మామగారు.

ఇన్నాళ్ళకు ఆ గొంతు విని ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయనకూ తిరిగాయి, కానీ సంతోషంతో కాదు. జన్మంతా గుమ్మం బయట నిలబెట్టిన మాటలు తప్ప ఇంకేవీ తనను దయతలచలేదని తెలిసి, ఆ పెద్దమనిషి సిగ్గుతో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అయినా కోడలు వదల్లేదు. రోజూ సాయంత్రం దుకాణం నుంచి రాగానే సామెతలతో మొదలుపెట్టి, ఆయన సొంత వాక్యం ఒకటి కూడా నోటికి పట్టించింది. 'నేనింకా ఇక్కడే ఉన్నాను.' మేడ మీది వార్షిక సభకు కామా వచ్చి పిలిచినప్పుడు ఆయన తల ఊపింది ఆ వాక్యం ధైర్యంతోనే. ఇంట్లో అది ఒకసారి వచ్చేది, రెండుసార్లు మొరాయించేది.

సభ రోజున బయలుదేరబోతూ ఆయన బొమ్మల అట్టలన్నీ రబ్బరు బ్యాండు వేసి కోడలి చేతిలో పెట్టాడు. "రాకపోతే... చాలు," అన్నాడు. ఈ సాయంత్రం మాట రాకపోతే ఇక ఆ అమ్మాయీ వద్దు, ఈ ప్రయత్నమూ వద్దు అని. తర్వాత వేలు ఆమె పెదవుల వైపు చూపి అడ్డంగా ఊపాడు. అక్కడ సామెతలు అందించొద్దని. ఆమె సరేనంది. ఏం చేస్తుంది మరి.

గది కిక్కిరిసి ఉంది. ఆయన లేచి కడ్డీల ముందు నిలబడగానే సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. కోడలు కుర్చీ అంచున కూర్చుని తన పెదవులతో ఆ వాక్యాన్ని ఆడించింది, ఆయన చూడలేదు.

జనం మాత్రం పరవశించిపోతున్నారు. జబ్బు చేసిందని తెలుసు గానీ, కోలుకున్నాడనుకున్నారు. మౌనాన్ని రచనగా వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నవాళ్ళాయె. కామా కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. ముందు వరసలో ఒకతను పక్కవాడి చెవిలో, "ఇంతకన్నా గొప్పది ఆయన ఎప్పుడూ రాయలేదు" అన్నాడు. ఒక్కొక్క చెయ్యే మోకాలి మీదకు చేరుతోంది. మనిషి నీళ్ళలో మునిగిపోతుంటే ఈత ఎంత బాగుందో అని మెచ్చుకున్నట్టుంది వాళ్ళ వరస.

కోడలికి ఆయన బొటనవేలు కనిపించింది. గుండీ మీద గుండ్రంగా తిరుగుతోంది.

ఊరుకోవచ్చు. ఇంకాసేపు ఊరుకుంటే ఆయన వచ్చి కూర్చుంటాడు, అందరూ ఆకాశానికెత్తుతారు, ఇచ్చిన మాటా నిలబడుతుంది. రేపటి నుంచి ఆయన నోరు తెరవడు. పేరు దక్కుతుంది, మనిషి దక్కడు. ఆమె లేచి నిలబడింది.

"మామయ్యా," అంది.

కామా కళ్ళు తెరిచింది. "దయచేసి కూర్చోండి, ఇది రచనలో..."

"కాదండీ. ఆయనకు మాట రావట్లేదు."

మోకాళ్ళ మీది చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మామగారు కోడలి వైపు చూసిన చూపులో కోపం, అవమానం, అన్నీ ఉన్నాయి. అయినా ఆమె కూర్చోలేదు.

"నిదానమే..." అంది. ఆయన పెదవులు బిగించాడు.

"తాను పట్టిన కుందేలుకు..."

ఆ కోపంలోనే వచ్చేసింది. "మూడే కాళ్ళు!"

గొంతు జీరగా, పెద్దగా, గది నాలుగు మూలలకూ వినిపించింది. ఎవరో ఆపుకోలేక ఫక్కున నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఆయన బిత్తరపోయి జనం వైపు చూశాడు, తర్వాత కోడలి వైపు. మొండితనంలో ఆవిడా తక్కువ తినలేదు.

"కొండను తవ్వి..."

"ఎలుకను పట్టినట్టు." ఈసారి కాస్త మెత్తగా.

"అడగందే అమ్మైనా..."

ఆయన నోరు తెరిచి ఆగిపోయాడు. అన్నం పెట్టదు, అంతే, పసిపిల్లలకు కూడా వచ్చిన మాట. ఇదీ పోయిందా అని కోడలి ప్రాణం ఉసూరుమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. వేలెత్తి ఆమెను చూపించాడు. ఒక్కొక్క మాటా బరువు మోసి దించినట్టు దించాడు.

"అడగకుండానే... కోడలు... మాట పెట్టింది."

ఎవరూ అందించని మాట అది. ఇంతకు ముందు ఎవరి నోటా నలగనిది. అన్నాక ఆయనే ఆశ్చర్యపోయినట్టు చేత్తో నోరు తడుముకున్నాడు. కోడలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది, నలుగురిలో ఉన్నానన్న ధ్యాస కూడా లేకుండా.

ఆయన కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత, అందరూ వింటుండగానే, "ఇంకోటి... చెప్పు," అన్నాడు.

నోరు విప్పితే సామెత దొర్లే కోడలికి అప్పుడు ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. ఆయన వైపు రెండు చేతులూ జోడించింది.

కామా ఒకసారి తలుపు వైపు చూసింది. చాలా ఏళ్ళుగా వాడని మాట కాబట్టి కాస్త తడబడింది.

"ఓర్చినమ్మకు..." అంది.

"తేటనీరు," అన్నాడాయన, కోడలి మీది నుంచి చూపు తిప్పకుండా.