వదినగారి హ్యాండ్‌బ్యాగ్

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మకి పిల్లలు పెట్టిన పేరు డేగ. పరీక్ష హాల్లో ఆవిడ తిరుగుతుంటే చీటీ తెచ్చినవాడే కాదు, తేవాలనుకుని మానేసినవాడు కూడా చెమటలు కక్కేవాడు. ఉద్యోగం అయిపోయినా ఆ చూపు మాత్రం పోలేదు. కూరగాయలవాడి తూకం, పక్కింటావిడ నవ్వు, ఫోన్లో వచ్చే శుభాకాంక్షలు, అన్నీ ఆవిడకి అనుమానమే. ఇప్పుడా చూపు పక్క సీట్లోని వియ్యపురాలి మీద పడింది.

వియ్యపురాలిది బ్యూటీ పార్లర్. ఇద్దరూ కలిసి విమానంలో విదేశానికి పురుటికి వెళ్తున్నారు. టీచరమ్మ కూతురికి, అంటే ఈవిడ కోడలికి, రేపు పొద్దున్నే ఆపరేషన్. ఆసుపత్రివాళ్ళు లోపలికి ఒక్కరినే రానిస్తారట. అల్లుడికి సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఆ ఒక్కరూ ఈ ఇద్దరిలోనే. ఎవరన్నది కూతురు ఇంకా తేల్చలేదు. టీచరమ్మ ప్రాణమంతా ఆ తలుపు దగ్గరే కొట్టుకుంటోంది. కానీ ఆడపెళ్ళివారి మర్యాద ఒకటి ఏడిసింది కదా! ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచీ "మీరే వెళ్ళండి వదినగారూ, మీ తర్వాతే మేము" అంటూనే ఉంది. అవతలావిడ మాటవరసకైనా "అబ్బే, మీరే వెళ్ళండి" అనకుండా నవ్వి ఊరుకుంటోంది. ఆ నవ్వు చూస్తే టీచరమ్మకి ఒళ్ళు మండిపోతోంది.

విమానం మారాల్సిన ఊళ్ళో దిగారు. రెండోది సాయంత్రానికి గానీ లేదు.

"ఇక్కడ కూర్చుని కుర్చీలు అరగదీయడం ఎందుకండీ? లైట్ హౌస్ చూసొద్దాం పదండి. బోలెడంత టైముంది," అంది వియ్యపురాలు. ఆ ఊరి లైట్ హౌస్ క్యాలెండర్ల మీదా, బిస్కెట్ డబ్బాల మీదా అందరూ చూసిందే. "అన్నట్టు వదినగారూ, మీకు మోకాళ్ళ నొప్పులేం లేవు కదా?"

డేగ కళ్ళు చిన్నవయ్యాయి. నా మోకాళ్ళతో ఈవిడకేం పని? వెంటపడి పరుగెత్తగలనో లేదో చూసుకుంటోందా? పొద్దున విమానం ఎక్కేముందు కూడా ఓ మూల నిలబడి ఫోన్లో ఏదో గుసగుసలాడింది. టీచరమ్మ దగ్గరికి రాగానే "సరే, ఉంటా" అని టక్కున పెట్టేసింది. అయినా కొడుకు తల్లి నోరు తెరిచి అడిగాక కూతురు తల్లి కాదనడం ఎలా? సరేనంది.

టాక్సీలో టీచరమ్మ ప్రతి మలుపూ గుర్తుపెట్టుకుంది. అద్దంలో డ్రైవరూ వియ్యపురాలూ ఒకసారి చూపులు కలుపుకున్నారని కూడా అనుకుంది. తీరా లైట్ హౌస్ దగ్గర దిగాక, అంత దూరం వచ్చిన మనిషి ఒక్కసారి తలెత్తి దాన్ని చూస్తే ఒట్టు. చూపంతా వియ్యపురాలి చేతుల మీదే. అక్కడ జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు.

"ఇది కాస్త పట్టుకోండి," అంటూ వియ్యపురాలు ఫోనూ డబ్బూ చేతిలో పట్టుకుని, తన హ్యాండ్‌బ్యాగ్ తీసి టీచరమ్మ భుజానికి తగిలించింది. "ఇక్కడే ఉండండి, కదలకండేం. రెండు నిమిషాల్లో వచ్చేస్తా." చెప్పి జనంలో కలిసిపోయింది.

రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. గుమ్మం దగ్గర నిలబడిన గుంపు మారి ఇంకో గుంపు వచ్చింది. వియ్యపురాలి జాడ లేదు. అప్పుడు టీచరమ్మకి అంతా అర్థమైపోయింది. ఈ ఎత్తు తనకి కొత్తదా? గోడ దూకి సినిమాకి పోయేవాడు పుస్తకాల సంచి బెంచీ మీద వదిలి వెళ్తాడు, ఉన్నాడనుకోవడానికి. ఈవిడ బ్యాగు తగిలించి తనని ఇక్కడ పాతేసి, ఒక్కతే విమానం ఎక్కి, రేపు ఆ తలుపులోంచి దర్జాగా లోపలికి వెళ్ళిపోదామనుకుంటోంది.

"నా దగ్గరా!" అనుకుంది టీచరమ్మ. రోడ్డు మీదికొచ్చి టాక్సీ ఎక్కేసింది.

విమానాశ్రయంలో తనిఖీ వరసలో నిలబడగానే యూనిఫాం వేసుకున్న అమ్మాయి రెండు సంచుల పట్టీలకీ 'విమానాశ్రయం తనిఖీ' అని రాసిన పసుపుపచ్చ స్టిక్కర్లు అతికించి, "సీసాలేమైనా ఉంటే బయటికి తీసేయండమ్మా," అంది. టీచరమ్మ వియ్యపురాలి బ్యాగు జిప్పు లాగింది. నూనె సీసాలు, దువ్వెనలు. వాటి కింద పాస్‌పోర్టు, అందులో బోర్డింగ్ పాసు.

పాస్‌పోర్టు లేకుండా ఏ మనిషీ విమానం ఎక్కలేదు. లెక్కల టీచరుకి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పొద్దున్నించీ నోరు నొక్కి ఉంచిన ఫోను తీసి చూస్తే కూతురి కాల్స్ బారులు తీరి ఉన్నాయి. వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా! ఎక్కడ తప్పిపోయావే? అత్తయ్య నీకోసం పిచ్చిదానిలా తిరుగుతున్నారక్కడ. ఏడుస్తున్నారు కూడా!"

"నన్నక్కడ వదిలేసి పోయిందెందుకు మరి?"

"వదిలేయడమేంటి? పైకెక్కడానికి టికెట్లు తేవడానికి వెళ్ళారు. క్యూ పెద్దదట. ముప్పై ఏళ్ళు బోర్డు మీద లైట్ హౌస్ బొమ్మ గీసి, పడవ ఎంత దూరంలో ఉందో పిల్లల చేత లెక్క కట్టించావు కదా, ఒక్కసారైనా లైట్ హౌస్ ఎక్కలేదని నేనే చెప్పాను. నీకు తెలియకుండా ఎక్కించాలని ఇద్దరం అనుకున్నాం. రేపు లోపలికి నువ్వే రావాలన్న సంగతి కూడా పైకెక్కాక తనే చెప్తానన్నారు. 'మీ అమ్మ మర్యాదకి అంటోంది గానీ ప్రాణమంతా నీ దగ్గరే ఉంది' అని నిన్ననే నాతో అన్నారే."

టీచరమ్మ వియ్యపురాలి బ్యాగు జిప్పు మూసేసింది.

"త్వరగా పదండమ్మా," అంది యూనిఫాం అమ్మాయి. "ఇప్పుడు బయటికి వెళ్తే మళ్ళీ అందుకోలేరు. తర్వాతి విమానం రేపు సాయంత్రమే."

బ్యాగు కౌంటర్లో ఇచ్చేస్తే వాళ్ళే పంపించరూ? ఆ ఆలోచనా వచ్చింది, ఆవిడ కాలు ముందుకే పడింది కూడా. ముందున్నది కూతురు, కడుపున పుట్టిన పిల్ల. వెనకున్నది రేపటిదాకా పాస్‌పోర్టు లేకుండా, ఊరు కాని ఊళ్ళో తనకోసం ఏడుస్తున్న మనిషి. 'కదలకండేం' అన్న మాట చెవిలోనే ఉంది.

"నేను రేపటికి రాలేను తల్లీ," అంది ఫోన్లో. "మీ ఆయన్ని కళ్ళు మూసుకునైనా సరే, నీ చెయ్యి పట్టుకుని నిలబడమను." అవతల కూతురు ఏడుస్తున్నా వినపడనట్టు పెట్టేసి, వరసకి అడ్డంపడి బయటికి నడిచింది.

వియ్యపురాలు లైట్ హౌస్ మెట్ల మీద కూలబడి ఉంది. పదిమందికి ముఖాలు తీర్చే మనిషికి కాటుక చెంపలదాకా కారింది. చూస్తూనే వచ్చి వాటేసుకుంది.

"నాదే తప్పండీ వదినగారూ! తెలియని చోట మిమ్మల్ని ఒంటరిగా వదిలిపెట్టి పోయాను. ఎంత హడలిపోయారో ఏమో!"

తప్పిపోయానని చెప్తే సరిపోతుంది. టీచరమ్మ నోరు తెరిచింది. ఈలోగా వియ్యపురాలు తన బ్యాగు అందుకోబోయి ఆగింది. పట్టీ మీద పసుపుపచ్చ స్టిక్కరు ఉంది. దాన్ని చదివి, తలెత్తి టీచరమ్మ ముఖంలోకి చూసింది.

పిల్లలు చీటీతో దొరికిపోయినప్పుడు నేలచూపులు ఎందుకు చూసేవారో టీచరమ్మకి ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయింది.

వియ్యపురాలు స్టిక్కర్ని గోటితో మెల్లగా గీకి, మొత్తం ఊడేదాకా గీకి, ఉండ చేసి చెత్తబుట్టలో వేసింది.

"టికెట్లున్నాయి. మూసేలోపు ఎక్కుదాం పదండి," అంది.

నడుస్తూ బ్యాగు భుజానికి వేసుకుంది. టీచరమ్మ వైపున్న భుజానికి కాదు, రెండోదానికి.