పైనుంచి పోయిన బంతి

నేను ఒక చొక్కాను. ఆకుపచ్చ ఒళ్లు, తెల్ల కాలరు, వీపు మీద పద్నాలుగో నంబరు. పుట్టింది ఐర్లండులో. అక్కడి ఒక చిన్న ఊరివాళ్లు గేలిక్ ఫుట్‌బాల్ ఆడే తమ ఆడపిల్లల కోసం నన్నూ నా తోబుట్టువులనూ కొన్నారు. ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, కాలితో తన్నొచ్చు. జీతం మాత్రం పైసా లేదు. ఊరి పేరు కోసం ఒళ్లు హూనం చేసుకుంటారు, ఓడితే ఆస్తి పోయినట్టు ఏడుస్తారు. మనుషులు చిత్రమైనవాళ్లు తల్లీ!

నన్ను మొదట తొడుక్కున్నది ఒక బడిపంతులమ్మ. పెళ్లయి వేరే ఊరు పోయింది. తర్వాత ఒక రైతు కూతురు; దాని మోచేతి నెత్తురు మరక ఎన్ని ఉతుకులు ఉతికినా నన్ను వదల్లేదు. ఆ తర్వాత నవోమి.

నవోమి తెలుగుపిల్ల. తల్లి ఎస్తేరు బాపట్ల నుంచి వచ్చి అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

ఎస్తేరు మొదటిసారి ఆట చూడ్డానికొచ్చిన రోజు నవోమి తన్నిన బంతి గోలు అడ్డకర్ర మీదుగా పోయింది. జనం చప్పట్లు కొడుతుంటే ఈవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, దాటిపోయిందే! కాస్త కిందకి తన్నొద్దూ!"

ఇంటికెళ్లాక నవోమి పగలబడి నవ్వింది. "ఈ ఆట వేరమ్మా. పైనుంచి పోయినా మనకి పాయింటే."

"అట్టాగా! ముందే చెప్పి చావొచ్చుగా. పదిమందిలో నా పరువు తీశావు."

కింద నుంచి పోతే మూడు పాయింట్లని కూడా చెప్పబోయింది పిల్ల. ఈలోగా ఎస్తేరు బూట్లు తొడుక్కుని డ్యూటీకి పరిగెత్తింది.

తర్వాత నవోమి మోకాలు చెడింది. కోశారు, కుట్టారు, మళ్లీ ఆడింది, మళ్లీ చెడింది. ఈసారి డాక్టరు ఇక ఆట మానెయ్యమన్నాడు. సరిగ్గా అప్పుడే ఆ ఊరు పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి జిల్లా ఫైనలుకు చేరింది.

"రేపు నడవలేకపోతే నిన్నెవరు మోస్తారే?" అంది ఎస్తేరు.

"ఈ ఒక్కటే అమ్మా. ఎక్కడికెళ్లినా నువ్వెక్కడిదానివని అడుగుతారు. ఈ చొక్కాలో ఉంటే అడగరు. ఒక్కసారి వీళ్లని గెలిపిస్తే ఇంకెప్పుడూ అడగరు."

 ఎస్తేరు తనే కూర్చుని ఆ మోకాలికి కట్టు కట్టింది.

ఫైనలు చివరి నిమిషం. మావాళ్లు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. పెనాల్టీ దొరికింది. ఎదురుగా గోలు కాచే పిల్ల ఒక్కతే. కింద నుంచి గోలు పడితే మూడు, కప్పు మాది. నవోమి పరిగెత్తుకొచ్చి తన్నబోయే క్షణాన ఊతమిచ్చిన కాలు కలుక్కుమంది. ఆ కలుక్కు నా కుట్లలో కూడా తెలిసింది. బంతి లేచి అడ్డకర్ర మీదుగా పోయింది. ఒక్క పాయింటే. ఈల ఊదేశారు. మావాళ్ల వైపు ఎవరికీ నోట మాట లేదు.

ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క మనిషి లేచి చప్పట్లు కొట్టింది. "పైనుంచే పోయింది! నా తల్లే, పైనుంచే!"

నవోమి నేల మీద పడే ఉంది. ఎస్తేరు పరిగెత్తుకొచ్చి తల ఒళ్లోకి తీసుకుంది. "ఏడుస్తావేందే? పాయింటేగా?"

తల్లి ముఖంలోకి చూసింది నవోమి. "పాయింటేనమ్మా. మోకాలు నొప్పి, అంతే."

అదే ఆఖరి ఆట. మరుసటి ఏడు కొత్త చొక్కాలు కుట్టించి, పాతవి ఎవరివి వాళ్లకే ఇచ్చేశారు. ఎస్తేరు నన్ను అద్దంలో పటం కట్టించి ముందుగదిలో తగిలించింది. ఆదివారం ప్రార్థన ముగిశాక ఎవరొచ్చినా ఒకటే మాట: "ఫైనల్లో ఆఖరి దెబ్బ మా పిల్లదే. పైనుంచి!" నవోమి కుంటుకుంటూ టీ తెచ్చి, "అవునాంటీ" అనేది.

ఒక రోజు ఎస్తేరు డ్యూటీ నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా నా ముందు నిలబడిపోయింది. వార్డులో ఒక ముసలి రోగి ఆ మ్యాచ్ గుర్తు చేసి, అయ్యో పాపం, ఆ రోజు కావలసింది మూడు కదా అన్నాడట; నాతోనే గొణుక్కుంది. అద్దానికి నుదురు ఆనించి, పెదాలు బిగించి ఏడ్చింది. మెట్ల మీద చప్పుడైతే కోటు అంచుతో అద్దం తుడుస్తున్నట్టు నటించింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదే. దుమ్ము."

ఆ ఆదివారం కొత్తగా ఒక కుటుంబం వచ్చి నన్ను చూసి, ఈ చొక్కా ఏమిటని అడిగింది. "ఆఖరి దెబ్బ మా పిల్లదే" అని మొదలుపెట్టింది ఎస్తేరు. అక్కడ ఆగిపోయింది. 'పైనుంచి' అన్న మాట వదిలేసి, నా పటం వంకర సర్దసాగింది.

టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడిన నవోమి తల్లిని చూసింది. అంతా అర్థమైంది.

"పైనుంచి పోయిందాంటీ," అంది మెల్లగా. "మా అమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది."