తుప్పు చుక్క

పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే ముందు మొదలయ్యేది పెయింటరు దగ్గు. మిషన్లు ఆ తర్వాతే. దగ్గు కాస్త తెరిపిచ్చాక అతను మూతికి గుడ్డ కట్టుకుని పాత కారు తలుపుల్ని తడి ఉప్పుకాగితంతో రుద్దడానికి కూర్చునేవాడు. ఆ పక్కనే అతని భార్య బఫింగ్ మిషను ముందు కూర్చుని బంపర్లకీ, హెడ్‌లైటు రింగులకీ మెరుపు తెచ్చేది. అందరూ ఆమెని మెరుగులక్క అనేవాళ్ళు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే తిరిగి చూసేది కాదేమో.

పని విషయంలో ఆమెకి ఒళ్ళంతా పొగరే. తాను చేసిన బంపరు మీద ఆవగింజంత తుప్పు చుక్క చూపించినవాడికి ఈ చెయ్యి నరికిస్తాననేది. ఎవరూ చూపించలేకపోయారు, చెయ్యి అలాగే ఉంది.

క్రోమ్ పనికి ఒక పద్ధతుంది. ఆఖరి రుద్దుడు మొహం పక్కకి తిప్పుకుని, వేళ్ళతో తడుముకుంటూ రుద్దాలి. అయిపోగానే పాత పేపరు అంటించి మూసెయ్యాలి. ఎందుకంటే కొత్త క్రోమ్ ముందు మొట్టమొదట ఎవరి మొహం పడితే ఆ మొహం దాన్లో ఉండిపోతుంది, ఒక మూల, బొటనవేలి గోరంత. ఆ మెరుపు ఉన్నన్నాళ్ళూ ఆ మనిషిని జబ్బు ముట్టుకోదు. అందుకే పేపరు చింపే హక్కు బండి సొంతదారుది. ఇందులో దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలిసిందే. డబ్బున్నవాళ్ళకి డొక్కు కార్ల మీద అంత ప్రేమ ఊరికే పుట్టుకొచ్చిందా మరి?

అప్పుడు షెడ్డులో ఉన్నది ఒక పెద్దాయన గారి నీలం కారు. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు కొన్నది. భార్య పోయింది, కొడుకులు పోయారు, మనవడు కూడా పోయాడు. ఈయన మాత్రం జలుబైనా చెయ్యకుండా తిరిగాడు. ఈమధ్య బంపరు మీద తుప్పు చుక్కలు లేచాకే ఆయన చేతులు వణకడం మొదలైంది. మెరుగులక్క బంపరుని మందు తొట్టిలో ముంచి పాత పూత తీసేసిన రోజున ఆయన మంచమెక్కాడు. ఇన్నేళ్ళూ రాకుండా ఆగినవన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఆయన డ్రైవరు రోజూ షెడ్డు చుట్టూ తిరిగేవాడు.

"అక్కా, ఎంతవరకొచ్చింది? అక్కడ ఆయనకి గుక్క తిరగట్లేదు."

"క్రోమ్‌కి తొందర తెలీదు నాయనా," అనేది ఆమె.

ఆమె తొందర ఆమెకుంది. పెయింటరు ఊపిరితిత్తుల్లో ఇక మిగిలిందేమీ లేదని, వచ్చే వానలు చూస్తే గొప్పని డాక్టరు తేల్చి చెప్పేశాడు. బతుకంతా రంగు పీల్చినవాడికి ఇంకేం చెబుతాడు? వాళ్ళకొక కూతురు, రెండో తరగతి. బడి అవగానే షెడ్డుకొచ్చి, ఊడదీసిన కారు సీటు మీద కాళ్ళు ముడుచుకుని హోంవర్కు చేసుకునేది.

ఆ రాత్రి పిల్ల తిని పడుకున్నాక మెరుగులక్క మొగుడి కంచంలో అన్నం వడ్డిస్తూ మాట కదిపింది.

"ఏమయ్యా, ఆ నీలం కారు బంపరు ముందు నువ్వే చూడు."

పెయింటరు ముద్ద కలపడం ఆపాడు. "పెద్దాయన పోతాడే."

"పోనీ. ఆయనొక్కడూ ఎంతమంది బతుకు బతకాలి?"

"ఎంత మాటన్నావే."

"అన్నాను. తప్పని నాకు తెలుసు. నాకు నువ్వు కావాలి, అంతే."

ఆ మాటతో ఆమె లేచి, చెయ్యి కడుక్కునే వంకతో వెనక్కెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో తన దగ్గు వినపడదని ఆమె నమ్మకం. బఫింగ్ దుమ్ము మాత్రం ఎవర్ని వదిలింది గనక? పెయింటరు కంచం ముందు కూర్చుని, ఆ కుళాయి ఎంతసేపు పారిందో విన్నాడు. చాలా నెలలుగా వింటూనే ఉన్నాడు. ఒక్కనాడూ ఆమెని అడగలేదు.

ఆమె తిరిగొచ్చేసరికి అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "సరేలే, చూస్తాను," అన్నాడు.

బంపరు పని ముగిసింది మధ్యాహ్నం పూట. షెడ్డు ఓనరు భోజనానికి ఇంటికెళ్ళాడు, మిగతావాళ్ళు టీ కొట్టు దగ్గరున్నారు. మెరుగులక్క గోడవైపు మొహం తిప్పుకుని ఆఖరి రుద్దుడు రుద్దింది. వేళ్ళకి ఎక్కడా గరుకు తగల్లేదు. పేపరు అంటించలేదు.

"రా," అంది, గోడనే చూస్తూ.

పెయింటరు కారుని ఆసరాగా పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, ఊపిరి అందేదాకా ఆగి, స్టూలు మీద కూర్చున్నాడు. బంపరుకి వీపు పెట్టి కూర్చున్నాడు. గోడవైపు తిరిగున్నామెకి ఆ సంగతేం తెలుస్తుంది?

"కనిపిస్తున్నావా?"

"ఆఁ."

"బాగా చూడు. తొందరేం లేదు."

"చూస్తున్నానే. ఇదేంటే, ఇక్కడ తుప్పు చుక్క వదిలేశావు?"

"ఎక్కడ?" అంటూ ఆమె గిర్రున తిరిగింది.

చుక్క లేదు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా బంపరు నీళ్ళలా ఉంది. దాన్లో తన మొహం, ఆ పక్కన మొగుడి తల వెనక భాగం, జుట్టులో నీలం రంగు తుంపర్లు. చూస్తుండగానే ఆమె మొహం చిన్నదై, ఎడమ మూలకి జరిగి, అక్కడ ఆగిపోయింది.

ఆమె రెండు చేతులా అతని వీపు మీద కొట్టింది. కొట్టి కొట్టి ఆ వీపు మీదే తల పెట్టుకుని ఏడ్చింది.

"ఎంత పని చేశావయ్యా. నన్ను నమ్మించి ఎంత పని చేశావు."

"ఇద్దరం పోతే పిల్లనెవరు చూస్తారే?" అన్నాడు పెయింటరు. "ఇంక ఆ కుళాయి తిప్పకు. నీళ్ళు దండగ."

మిగతావాళ్ళు వచ్చేలోపు ఆమె బంపరుకి పేపరు అంటించేసింది. మర్నాడు పెద్దాయనని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. పేపరు ఆయనే చింపాడు. మూలనున్న మొహాన్ని చూశాడు, తలెత్తి మెరుగులక్కని చూశాడు. ఆమె కళ్ళు దించుకుని నిలబడింది.

"నీకు పిల్లలున్నారా అమ్మాయ్?"

"ఒక పాప అండి."

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ముందే అడిగుంటే నేను ఛస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు. అడక్కపోవడమే మంచిదైంది," అన్నాడు. తర్వాత డ్రైవరుకి సైగ చేసి కుర్చీని ఆమె దగ్గరికి జరిపించుకున్నాడు. "రోజూ తుడవాలి. అందరూ పోయాక కూడా తుడవాలి. అదే కష్టం."

వారం తిరక్కుండానే ఆయన పోయాడు. కారు కోసం ఎవరూ రాలేదు, వచ్చేవాళ్ళెవరూ మిగల్లేదు కూడా. పెయింటరు వానలు చూడలేదు. ఆఖరి రోజుల్లో అతను దగ్గుతుంటే, ఆమె గుండెల్లోకి గాలి ఏ అడ్డూ లేకుండా వెళ్ళొచ్చేది. ఆ హాయికి ఆమె తనని తానే తిట్టుకునేది.

అతను పోయాక ఆమె బంపరు ముట్టుకోలేదు. పొద్దున్నే షట్టరు ఎత్తడం, నీలం కారుకేసి చూడకుండా వెళ్ళి వేరే పని పట్టడం. పోయినవాడి మీద కోపం అంత తొందరగా పోదు. వానలు మొదలయ్యాయి. రేకుల సందుల్లోంచి చెమ్మ దిగింది. ఒక సాయంత్రం ఆమె కారు పక్కనుంచి వెళుతూ చూసేసరికి, ఎడమ మూల, చిన్న మొహం చెంప మీద, ఆవగింజంత తుప్పు చుక్క ఉంది. ఈసారి నిజంగానే ఉంది.

చూసీ వదిలేసింది. మిషను ముందు కూర్చోబోతుంటే దగ్గొచ్చింది. చిన్న దగ్గే.

కారు సీటు మీద కూతురు పెన్సిలు ఆపి తలెత్తింది. సీటు దిగి మూలకెళ్ళి, నాన్నకి ఇచ్చే గ్లాసు నిండా నీళ్ళు పట్టి, రెండు చేతులా పట్టుకొచ్చి అమ్మకిచ్చింది.

మెరుగులక్క ఆ నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి, లేచి, మేకుకి తగిలించిన మెత్తగుడ్డ తీసుకుని బంపరు ముందు కూర్చుంది.